పన్నెండో మనిషి భోజనం

డ్రిల్ టీచర్‌గా పదమూడేళ్ళు విజిల్ ఊదిన మనిషి, ముప్పై తొమ్మిదో ఏట మళ్ళీ విద్యార్థిగా బెంచీ ఎక్కింది. ఇన్నేళ్ళూ పిల్లల్ని మైదానం చుట్టూ పరిగెత్తించింది కానీ, పరిగెత్తేటప్పుడు ఒంట్లో అసలేం జరుగుతుందో తనకి సగమే తెలుసని ఆమెకి అనుమానం. ఆ మిగతా సగం కోసం స్కూల్లో రెండేళ్ళు సెలవు పెట్టి, వ్యాయామ శరీరధర్మ శాస్త్రం, క్రీడా పోషకాహారం అనే పీజీ కోర్సులో చేరింది. ఆ పేరు ఆపకుండా పలకాలంటేనే కాస్త దమ్ముండాలి.

"ఏం తినాలో, ఎంత కదలాలో చెప్పడానికి డిగ్రీ ఎందుకు? ఆ రెండూ మీ అక్క నాకు రోజూ ఉచితంగానే చెప్తోంది," అన్నాడు బావ. అక్క నవ్వలేదు. "నీకు నచ్చింది చెయ్యి. ఆదివారం ఆదివారం ఫోన్ మాత్రం ఎత్తు," అంది. చెల్లెలు ఏ ఆదివారమూ తప్పకుండా ఎత్తేది. మిగతా ఆరు రోజులూ ఆ ఫోన్ మోగే పని పెట్టుకునేది కాదు.

తరగతిలో అందరికీ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు. చేరిన మొదటి వారంలోనే ఆమె ఒక పొరపాటు చేసింది. క్యాంటీన్ దగ్గర పిల్లలు గుంపుగా తోసుకుంటుంటే అలవాటు కొద్దీ "లైన్‌లో నిలబడండి" అనేసింది. అందరూ టక్కున నిలబడ్డారు. అప్పటిదాకా "అక్కా" అన్న నోళ్ళు ఆ రోజునుంచి "మేడమ్" అన్నాయి. నిలబడ్డంత తొందరగా ఎవరూ ఆమె టేబుల్ దగ్గర కూర్చోలేదు. వయసులో ఆమెకి కాస్త దగ్గరగా ఉన్నది ఆసుపత్రి నుంచి వచ్చిన డైటీషియన్ ఒక్కతే. ఆవిడకి మొగుడు, ఇద్దరు పిల్లలు, అత్తగారు. గడియారం అయిదు కొట్టేసరికి బ్యాగు భుజాన ఉండేది.

ఆమె అద్దెకున్నది జిరాక్స్ షాపు పైన ఒక గది. ఒక కిటికీ, ఒక మంచం, ఒక కంచం, ఒక గ్లాసు, వంటకి వాడే డిజిటల్ తూకం ఒకటి. మొదటి సెమిస్టర్‌లో వారం రోజులు తిన్న ప్రతి ముద్దా తూచి రాయమన్నారు. వారం అయిపోయింది, ఆమె తూచడం మానలేదు. గ్రాముల లెక్క మీద మోజుండి కాదు. ఆ గదిలో ఆమె ఏదైనా చేస్తే తిరిగి జవాబిచ్చేది ఆ తూకం ఒక్కటే.

రెండో ఏడు థీసిస్. అరవై దాటాక కూడా రోజూ వేగంగా నడిచేవాళ్ళు ఎంత శక్తి ఖర్చు పెడతారు, అందుకు సరిపడా తింటున్నారా లేదా అన్నది అంశం. కనీసం పన్నెండు మంది ఉండాలని కమిటీ షరతు. ఖర్చు సంగతి మిషన్ చూసుకుంటుంది. ముఖానికి మాస్క్ పెట్టి, ట్రెడ్‌మిల్ మీద నడిపించి, ఊపిరి కొలుస్తారు. తిండి సంగతి మాత్రం మనిషిని అడిగి తెలుసుకోవాల్సిందే. పద్నాలుగు రోజులు, రోజూ సాయంత్రం ఫోన్ చెయ్యాలి. మాటలు రికార్డవుతాయి. ఏం తిన్నారో ముందు మొత్తం చెప్పించుకోవాలి. తర్వాత ఎప్పుడు, ఎక్కడ. తర్వాత ఎన్ని కప్పులు, ఎన్ని చెంచాలు. ఆ తర్వాత "ఇంకేమైనా ఉందా?" అని అడగాలి. చివర్లో ‘ఎవరితో కలిసి తిన్నారు’ అని ఒక వరస ఉంటుంది. కుటుంబం, స్నేహితులు, తోటి ఉద్యోగులు, ఒక్కరే. నాలుగు గడుల్లో ఒకదాంట్లో టిక్కు పెట్టి, ఫారం మొత్తం అవతలి మనిషికి చదివి వినిపించి, సరే అనిపించుకోవాలి.

పదకొండు మందితో ఆ పని ఇరవయ్యేసి నిమిషాల్లో అయిపోయింది. అందరికీ ఇళ్ళూ పనులూ ఉన్నాయి. "తొందరగా కానివ్వు తల్లీ, టీవీలో నా సీరియల్ వచ్చే వేళయింది," అనేది ఒకావిడ.

పన్నెండోవాడు లేత్ మేస్త్రి. నలభై ఏళ్ళు ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద ఇనుము చెక్కి రిటైరయ్యాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "షిఫ్టులు కుదరలేదు" అనేవాడు. రోజూ తెల్లవారగానే స్టేడియంకి వచ్చి, మోచేతులు ఊపుకుంటూ పది కిలోమీటర్లు నడిచేవాడు. ఒంటి మీద వెతికినా కొవ్వు దొరకదు. లేత్ అలవాటేమో, ఏం చెప్పినా మిల్లీమీటర్లలో చెప్పేవాడు.

"ఆమ్లెట్ అమ్మా. మందం ఆరు మిల్లీమీటర్లు. అడ్డంగా కొలిస్తే నూట ఎనభై."

అందరూ "కొంచెం", "కాస్త" అని ప్రాణం తీస్తుంటే, ఇలాంటి మనిషి దొరికితే ఎవరు మురిసిపోరు? ఆమె మురిసిపోయింది.

ఆయన రాత్రి భోజనం వేళ ఏడు. ఫోన్ కూడా ఏడింటికే చెయ్యమన్నాడు. మొదటి మూడు రోజులూ పని పద్ధతి ప్రకారం నడిచింది. నాలుగో రోజు ల్యాబ్‌లో ఆలస్యమై, ఆకలికి ఆగలేక, ఆమె కంచం ముందు పెట్టుకునే ఫోన్ చేసింది.

"చెంచా చప్పుడు వినిపిస్తోంది. తింటున్నావా టీచరమ్మా?"

"క్షమించండి మేస్త్రి గారూ. పక్కన పెట్టేస్తాను."

"ఎందుకు పెట్టడం? తిను. నేనూ కూర్చుంటా."

ఆ రోజునుంచి ఇద్దరూ ఏడింటికే తినేవారు. ఫారం అడిగేవన్నీ ఆమె అడిగేది, ఆయన చెప్పేవాడు. ఉర్లగడ్డలు, అంటే బంగాళాదుంపలు, వేయించాననేవాడు. కూరగాయల సూప్ కాచాననేవాడు. మీగడ తీయని పాలు, రెండు అరటిపళ్ళు అనేవాడు. ఆఖర్న ఆమె చదివి వినిపించేది. "ఎవరితో తిన్నారు: ఒక్కరే. సరేనా మేస్త్రి గారూ?" ఆయన కాస్త ఆగి, "సరే అమ్మా," అనేవాడు. ఎందుకాగుతున్నాడో ఆమెకి తట్టలేదు. టిక్కు పెట్టి కాగితం తిప్పేసేది.

పద్నాలుగు రోజులయ్యాయి. పదిహేనో రోజు ఏడింటికి ఆమె కంచం ముందు కూర్చుని, ఫోన్ వైపు చూసి, ఇవాళ అడగాల్సినదేమీ లేదని గుర్తు తెచ్చుకుంది. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉంటుందని ఏడాదిన్నరగా అందులోనే ఉన్నా ఆమెకి కొత్తగా తెలిసింది. ఏడుపు రాలేదు కానీ, అన్నం మాత్రం దిగలేదు.

లెక్కలు వేశాక అసలు తలనొప్పి మొదలైంది. మేస్త్రి రోజుకి ఖర్చు పెట్టేది సుమారు రెండు వేల కేలరీలని మిషన్ చెప్పింది. తిన్నది మూడు వేల వంద అని ఫారాలు చెప్పాయి. ఆ లెక్కన పద్నాలుగు రోజుల్లో మనిషి రెండు కిలోలు పెరగాలి. ఆయన బరువు వంద గ్రాములు కూడా కదల్లేదు. మిగతా పదకొండు మందీ అందరు మనుషుల్లాగే తిన్నదాంట్లో కాస్త దాచి చెప్పారు. తిండి దాచేవాళ్ళని ఎలా పట్టుకోవాలో పుస్తకాల నిండా ఉంది. తిననిది తిన్నానని చెప్పేవాడి గురించి ఆమెకి ఏ పుస్తకంలోనూ ఒక్క పేజీ దొరకలేదు.

అందుకని ఆమె మిషన్‌ని అనుమానించింది. మేస్త్రి బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి, మాస్క్ అంచుల్లోంచి గాలి పోతోందేమో అనుకుంది. చిన్న సైజు మాస్క్ తెప్పించింది. అంచుల చుట్టూ టేపు అంటించింది. మూడుసార్లు ఆయన్ని మళ్ళీ పిలిపించి నడిపించింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆయన మూడుసార్లూ పిలిచిందే తడవుగా వచ్చాడు, ఒక్కసారైనా ఎందుకని అడగలేదు. నాలుగోసారి కూడా పిలుస్తానంటే ల్యాబ్ టెక్నీషియన్‌కి ఒళ్ళు మండింది.

"మిషన్‌కి జ్వరం లేదు మేడమ్. గ్యాస్ సిలిండర్ మార్చి మరీ చూశాను. ఇంక దాన్ని వదిలెయ్యండి."

థీసిస్ ఇవ్వడానికి ఇరవై రోజులే ఉంది. గడువు ఒకసారి పొడిగించారు, మళ్ళీ పొడిగించరు. అది దాటితే స్కూలు తెరుస్తారు, ఆమె మళ్ళీ విజిల్ మెళ్ళో వేసుకోవాల్సిందే, డిగ్రీ లేకుండా. మేస్త్రిని తీసేస్తే మిగిలేది పదకొండు మంది. ఉంచితే ఆ అంకె చూసి పరీక్షకులు నవ్వుతారు.

ఒక మధ్యాహ్నం ఆమె పెన్సిల్‌తో మూడుని రెండు చేసింది. 2,100. ఎంత ముద్దుగా ఉందో ఆ అంకె. ఎవరూ అడగరు, ఎవరికీ తెలియదు. అయిదు నిమిషాలు దాన్ని అలాగే చూసింది. పరుగు పందెంలో మైదానం మూల కోసి దగ్గరి దారిన పరిగెత్తే పిల్లల్ని పదమూడేళ్ళు వెనక్కి పంపిన మనిషి ఆమె. చెరిపేసి, కాగితాలు పట్టుకుని గైడ్ గదికి వెళ్ళింది.

గైడ్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని కాగితాలు చూసే మనిషి. గొంతు పెంచరు. ఆ కారణం చేతే ఆయనంటే అందరికీ భయం.

"రికార్డింగులు ఉన్నాయా?"

"ఉన్నాయి సార్."

ఆయన ముందు నిడివి చూశారు. పదకొండు మందివీ పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు నిమిషాలు. మేస్త్రివి మొదటి మూడు రోజులూ అంతే. నాలుగో రోజు ముప్పై నాలుగు. ఆరో రోజు నలభై ఒకటి. తొమ్మిదో రోజు యాభై ఎనిమిది.

"ఇదేమిటమ్మా?"

"ఆయన కొంచెం వివరంగా చెప్తారు సార్," అని నీళ్ళు నమిలింది.

గైడ్ తొమ్మిదో రోజుది పెట్టారు. గదిలో ఆమె గొంతే వినిపించింది. కాలేజీ రోజుల్లో ఎనిమిది వందల మీటర్ల పందెంలో రెండో స్థానం వచ్చిన సంగతి. ఆ తర్వాత మోకాలు పోయిన సంగతి. క్యాంటీన్‌లో లైన్‌లో నిలబడమన్న సంగతి. ఆదివారం అక్క ఫోన్ పెట్టేసేటప్పుడు ప్రతిసారీ తను ముందు పెట్టకుండా ఆగే సంగతి. అవతలినుంచి "ఊ" తప్ప మరో మాట లేదు. మధ్యమధ్య రెండు చెంచాల చప్పుడు.

"ఈ రెండో చెంచా ఎవరిది?"

"నాదే సార్."

పద్దెనిమిది నిమిషాల తర్వాత ఆ గొంతు అడిగింది. "మరి మీరేం తిన్నారు మేస్త్రి గారూ?"

"ఉర్లగడ్డలు వేయించానమ్మా."

"అబ్బ, వాసన ఇక్కడికి వస్తోంది. ఇంకేమైనా ఉందా?"

చిన్న నిశ్శబ్దం. "ఇంకా... గుడ్లు. రెండు."

"ఇంకా?"

మళ్ళీ నిశ్శబ్దం. ఈసారి కాస్త పొడుగ్గా ఉంది. ఒక మనిషి, లేని వంటింట్లో, లేని గిన్నెల మూతలు తీసి వెతుకుతున్నాడని ఇప్పుడు స్పష్టంగా వినబడుతోంది. "ఇంకా... సూప్."

గైడ్ ఆపేశారు.

"ప్రశ్న ఫారంలో ఉన్నదే. అడిగిన తీరు మాత్రం ఫారంలోది కాదు. ఆయన ఫోన్ పెట్టేయకూడదని నువ్వు అడుగుతున్నావు, నువ్వు పెట్టేయకూడదని ఆయన చెప్తున్నాడు. మాస్క్‌లో ఏ లీకూ లేదమ్మా."

ఆమెకి తల ఎత్తడానికి మొహం చెల్లలేదు. తప్పు చేసి దొరికినందుకు కాదు. తన గొంతు అంత ఆబగా ఉంటుందని తనకే తెలియనందుకు సిగ్గేసింది.

గైడ్ శిక్ష వెయ్యలేదు, దారి చూపించారు. పాత ఫారాలు లెక్కలోంచి తీసేయాలి. మేస్త్రితో మరో మనిషి పద్నాలుగు రోజులూ మళ్ళీ మొదలుపెట్టాలి. అది పూర్తయ్యేదాకా ఆమె ఆయనతో మాట్లాడకూడదు. డైటీషియన్ కాసేపు గొణిగి ఒప్పుకుంది. "ఏడింటికి మా ఇంట్లో యుద్ధం జరుగుతుంటుంది. బాత్‌రూమ్‌లోంచి చేస్తాను, పర్లేదా?"

దీనికి మేస్త్రి సమ్మతి మాత్రం ఆమే తీసుకోవాలి. మర్నాడు పొద్దున్నే స్టేడియంకి వెళ్ళింది. నడక మధ్యలో ఆయన ఆగడు, అందుకని తన మోకాలు మొరాయిస్తున్నా పక్కనే నడిచింది.

"ఆమ్లెట్ మందం ఆరు మిల్లీమీటర్లన్నారు."

"కొలిస్తే అంతే ఉంటుందమ్మా."

"వేశారా?"

మేస్త్రి సగం చుట్టు నడిచాడు. "లేదు."

"మరి ఏం తినేవారు?"

"పొద్దున బ్రెడ్డు, పాలు. మధ్యాహ్నం అన్నం, ఏదో ఒక కూర. రాత్రి పాలల్లో నానేసిన బ్రెడ్డు, ఉడికించిన గుడ్డు."

"అదే చెప్తే సరిపోయేది కదా మేస్త్రి గారూ."

"బ్రెడ్డు, గుడ్డు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? రెండు నిమిషాలు." ఆయన ఆమె వైపు చూడకుండానే అన్నాడు. "నీకూ తొందరున్నట్టు అనిపించలేదు."

కోపం తెచ్చుకుందామనుకుంది. ఈయన అబద్ధాల వల్లే కదా తన చదువు గాల్లో వేలాడుతోంది. కోపం రాలేదు. రేపటినుంచి వేరే ఆవిడ ఫోన్ చేస్తుందనీ, ఉన్నది ఉన్నట్టు చెప్పాలనీ, లేకపోతే తన డిగ్రీ పోతుందనీ చెప్పింది. మేస్త్రి నడక మొదటిసారి మందగించింది.

"అంత సంగతని తెలియదమ్మా. మిల్లీమీటరు తేడా లేకుండా చెప్తాను. నువ్వు చెయ్యవా మరి?"

"నేను చెయ్యకూడదు. పద్నాలుగు రోజులు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత పని అయిపోతుంది," అంది. ఆయన తల ఊపి, మోచేతులు ఊపుకుంటూ ముందుకు వెళ్ళిపోయాడు. వెళ్ళిన మనిషి వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ పద్నాలుగు రోజులూ ఆమె ఏడింటికి గదిలో ఉండలేకపోయింది. ఆ వేళకి ల్యాబ్‌లో కూర్చుని పట్టికలు కట్టేది, లేకపోతే వీధిలో తిరిగేది. ఒక ఆదివారం అక్క "ఏం తిన్నావే?" అంటే, "గుర్తులేదు," అంది. గ్రాముల్లో తూచిన మనిషికి గుర్తులేకపోవడమేమిటని అక్క కంగారుపడింది.

పదిహేనో రోజు సాయంత్రం డైటీషియన్ ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టింది. తిన్నది 2,060. ఖర్చు 2,010. బరువు కదల్లేదు, అంకెలు ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. పన్నెండోవాడు నిలబడ్డాడు. థీసిస్ గట్టెక్కింది. ఇన్నాళ్ళూ ఈ క్షణం కోసమే చచ్చీచెడీ కష్టపడిన మనిషి, "మంచిది," అని ఒక్క మాట అని ఊరుకుంది.

"ఒక్కొక్క కాల్ నాలుగు నిమిషాలు. బంగారం లాంటి మనిషి. నిన్నటిదాంట్లో మాత్రం ఒక చిక్కుంది, విను," అని డైటీషియన్ రికార్డింగు పెట్టింది.

"ఎవరితో కలిసి తిన్నారండీ?"

"ఒక్కణ్ణే అమ్మా. ఈ పద్నాలుగు రోజులూ ఒక్కణ్ణే." మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "కిందటిసారి ఫారాల్లో ఒక తప్పుంది, రాసుకో. తిండి గురించి నేను చెప్పినవి అబద్ధాలు, అవి నావి. ఎవరితో అన్న చోట మాత్రం టీచరమ్మ రోజూ ఒక్కరే అని రాసింది. చదివి వినిపిస్తే నేనూ సరే అన్నాను. అది నిజం కాదు. నాలుగో రోజునుంచి పదకొండు రోజులు ఇద్దరం కలిసి తిన్నాం."

డైటీషియన్ ఆపింది. "ఇదెక్కడ రాయాలో నాకు తెలియలేదు. ఎలాగూ ఆ పాత ఫారాలు తీసేశారు కదా, వదిలేద్దామా?"

"వదిలేద్దాం," అంది ఆమె.

డైటీషియన్ బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. తీసేసిన ఫారాల్ని చింపకూడదు, అయిదేళ్ళు బీరువాలో ఉంచాలని నియమం. ఆమె ఆ కట్ట విప్పి, నాలుగో రోజు కాగితం బయటికి తీసింది. ఫారంలో తప్పు దిద్దడానికి కూడా ఒక పద్ధతుంది. చెరపకూడదు. తప్పు మీద ఒక్క గీత గీసి, సరైనది గుర్తుపెట్టి, పక్కన సంతకం, తేదీ వెయ్యాలి. ‘ఒక్కరే’ మీద గీత గీసింది. ‘స్నేహితులు’ గడిలో టిక్కు పెట్టింది. సంతకం చేసింది. ఎవరూ చదవని ఆ కాగితాల మీద పదకొండుసార్లు అదే పని చేసింది. ఏడోదానికి వచ్చేసరికి అక్షరాలు మసకబారాయి. తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

కట్ట బీరువాలో పెట్టి తాళం వేసేసరికి గోడ గడియారంలో ఏడయింది. ఆమె ఫోన్ తీసింది. రికార్డర్ లేదు, ముందు ఫారం లేదు, అడగాల్సిన ప్రశ్నలు లేవు. అవతల రెండో రింగుకే ఎత్తారు.

"నేనింకా తినలేదు మేస్త్రి గారూ," అంది.